గడ్డకట్టే చలిలో మరుగుదొడ్డి, తాగునీరు: లద్దాఖ్ పల్లెలో ఎలా చూసుకోవాలి

లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ ఏడాదికి పడే వాన, మంచు కలిపి 100 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, చలికాలం రాత్రుళ్లు మైనస్ 20 దాకా వెళ్తుంది. అలాంటి చోట ఫ్లష్ పెట్టించకండి. నీళ్లు పైపులోనే గడ్డకడతాయి, ఎలాగో ట్యాంకులోకి చేరినా ఆ చలికి సూక్ష్మజీవులు పనిచేయవు, మురికి కుళ్లకుండా అలాగే ఉండిపోయి వేసవిలో ఇంకుడు గుంతలోంచి ఊటబావుల వైపు నడుస్తుంది.

పాత లద్దాఖీ ఇళ్లలో ఉన్నదే మంచి పద్ధతి. మేడ మీద చిన్న గది, దాని నేలలో కింది గదిలోకి తెరుచుకునే కన్నం, మూలన మట్టి కుప్ప, దాంట్లో గుచ్చిన పార. పని కాగానే ఒక పారెడు పొడి మట్టి, పొయ్యి బూడిద ఆ కన్నంలో పోస్తే వాసనా ఉండదు, ఈగలూ రావు. మట్టి, బూడిద చలి రాకముందే నింపి పెట్టుకోవాలి, నేల గడ్డకట్టాక తవ్వడం ఎవరి వల్లా కాదు.

కొత్తగా కట్టిస్తుంటే కింది గదిని 2 భాగాలు చేయించండి: ఒకటి నిండాక మూసేసి రెండోది వాడాలి. ఖాళీ చేసే తలుపు దక్షిణం వైపు, ఎండ తగిలేలా పెట్టించండి. మనవాళ్లకు కడుక్కోకపోతే తృప్తి ఉండదు, అది నాకూ తెలుసు, కానీ ఆ నీళ్లు కన్నంలో పడకూడదు. పక్కన బేసిన్ పెట్టుకుని గోరువెచ్చటి నీళ్లతో కడుక్కుని, ఊటకూ కూరమళ్లకూ దూరంగా వేరే గుంతలో పోయండి.

గడ్డకడితే క్రిములు చచ్చిపోతాయని చాలామంది అనుకుంటారు. చావవు, ముఖ్యంగా నులిపురుగుల గుడ్లు. 2 నుంచి 20 డిగ్రీల మధ్య ఉండే చోట మలాన్ని ఏడాదిన్నర నుంచి రెండేళ్లు నిల్వ ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 మార్గదర్శకాల్లో ఉంది. నేనైతే గడ్డకట్టిన నెలలు అసలు లెక్కలో వేసుకోను. ఆ తర్వాత తీసిన ఎరువు బార్లీ చేలకు వేయండి, పచ్చిగా తినే ఆకుకూరలకు వద్దు.

తాగే నీళ్లు మరుగుదొడ్లకు ఎగువనే పట్టుకోవాలి. ఆ ఎత్తులో నీళ్లు 88 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి, తెర్లడం మొదలయ్యాక కనీసం 3 నిమిషాలు ఉంచండి. కట్టెలు, గ్యాస్ తక్కువైతే క్లోరిన్ బిళ్లలు వాడొచ్చు, కానీ మంచులాంటి నీళ్లలో మందు చాలా నెమ్మదిగా పనిచేస్తుంది, అందుకే బిందెను ముందు వంటింట్లో పెట్టి చలి విరగనిచ్చి, గుడ్డతో వడకట్టి, బిళ్ల వేశాక అరగంటకు బదులు గంట ఆగండి. ఇంకుడు గుంత నుంచి ఊటలో నైట్రేట్ (మురికి నుంచి నీళ్లలో కరిగే లవణం) చేరితే మాత్రం మరిగించినా పోదు, క్లోరిన్ వేసినా పోదు. ఆ నీళ్లు పసిపిల్లల పాలపొడిలో అసలు కలపకండి.