పంటి ఇంప్లాంట్‌కి డ్రిల్ పట్టే ముందు

మందుల చీటీ చూడండి. "ఎముకల బలానికి ఏడాదికోసారి సెలైన్ ఎక్కిస్తారు" అంటే జోలెడ్రోనిక్ యాసిడ్ కావచ్చు. దవడ ఎముక చచ్చుబడే ప్రమాదముంది. ఏ మందో తేలేదాకా ఆగండి. దవడకు రేడియేషన్ జరిగినా అంతే.

షుగర్: హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 8 శాతం దాటితే వాయిదా.

విశాఖ తీర గ్రామాల నుంచి వచ్చే పెద్దవయసు ఆడవాళ్లను "అడ్డపొగ తాగుతారా అమ్మా?" అని సూటిగా అడగండి. చుట్ట నిప్పు నోటి లోపలే ఉంటుంది కాబట్టి అంగిలి మాడుతుంది. టార్చి వేసి చూడండి. తెల్లమచ్చో, మానని పుండో కనిపిస్తే ముందు బయాప్సీ, ఇంప్లాంట్ సంగతి తర్వాత.

సీబీసీటీలో (దవడ 3డి స్కాన్) చూస్తే ఇంప్లాంట్ మొనకూ కింది దవడ నరానికీ మధ్య 2 మి.మీ. ఎడం ఉండాలి. డ్రిల్ మొన ఇంప్లాంట్ పొడవును మించి దిగుతుంది, అదీ కలుపుకోండి.

డ్రిల్ తిరుగుతున్నంతసేపూ చల్లబరిచే సెలైన్ ధార ఆగకూడదు. 47 డిగ్రీల వేడి నిమిషం తగిలినా ఎముక దెబ్బతిని ఇంప్లాంట్‌ను పట్టుకోదు. మొద్దు డ్రిల్‌ని నొక్కి తిప్పకండి, మార్చేయండి.