సర్కారు పని, కాగితం పని – 5వ పాఠం: ఎం-బుక్ నుంచి టోకెన్ దాకా

సర్కారు సివిల్ పనులు చేసే చిన్న కాంట్రాక్టర్ల కోసం ఈ పాఠాలు. పోయిన పాఠంలో అగ్రిమెంట్ దాకా వచ్చాం. టెండరుతో 1 శాతం ఈఎండీ (ధరావతు సొమ్ము), అగ్రిమెంట్ రోజున మిగతా 1.5 శాతం కట్టడం చూశాం. చిన్న పరిశ్రమలకిచ్చే ఉద్యమ్ సర్టిఫికెట్ ఉంది కాబట్టి ఈఎండీ మాఫీ అవుతుందనుకునేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. 2012లో కేంద్రం తెచ్చిన ఆ వెసులుబాటు వస్తువులకి, సేవలకి. రోడ్డు, డ్రెయిన్, ప్రహరీ లాంటి సివిల్ పనులకు వర్తించదు. మళ్లీ చెప్పించకండి.

ఇంటిపనిగా మీ అగ్రిమెంట్‌లోని షెడ్యూల్ (పనుల పట్టిక) తీసి, ఏ ఐటమ్‌ని ఏ యూనిట్‌లో కొలుస్తారో రాసుకోమన్నాను. రాసుకున్నవాళ్లకి ఇవాళ్టి పాఠం సులువు. రాయనివాళ్లు ఆ పని చేసుకుని రండి. మీరు వచ్చేదాకా పాఠం ఎక్కడికీ పోదు.

ఇవాళ నేర్చుకోవాల్సింది ఒకటే. పని ఏ రోజు జరిగితే దాని కాగితం ఆ రోజే పుట్టాలి. కొత్త కాంట్రాక్టర్లు పని మొత్తం అయ్యాక బిల్లు పెట్టే ముందు రోజు సంచి పట్టుకుని కాగితాలు ఏరుకుంటారు. సిమెంటు ఇన్వాయిస్ షాపులో ఉంటుంది, కంకర పర్మిట్లు ట్రాక్టరు డ్రైవరు జేబులో ఉంటాయి, కాంక్రీటు బలం చెప్పే క్యూబ్ రిపోర్టు ల్యాబ్‌లో ఉంటుంది. అప్పుడు మొదలవుతుంది టెన్షన్.

నా సంగతి చెబుతాను. పదిహేనేళ్ల కిందట ఒక బడికి ప్రహరీ కట్టాను. ఒకచోట నేల మెత్తగా ఉందని పునాది 0.75 మీటర్లకు బదులు 0.90 మీటర్లు తవ్వించాను. అడుగున బెడ్ కాంక్రీటు వేయించి, పునాది రాయి కట్టించాను. మబ్బు పట్టింది. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారికి ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నానన్నారు. కందకంలో నీళ్లు నిలుస్తాయని మట్టి కప్పించేశాను. నెల తర్వాత కొలతల రోజు నేను తొంభై అంటాను, ఎస్టిమేట్ డెబ్బై ఐదు అంటుంది. "తవ్వి చూపించండి, రాసేస్తాను" అన్నారు ఏఈ గారు. గోడ లేచి సున్నం కూడా పడ్డాక పునాది ఎక్కడ తవ్వుతాం? డెబ్బై ఐదుకే బిల్లు వచ్చింది. అందులో ఆఫీసువాళ్ల తప్పు లేదు. కప్పేసే పని ఏదైనా కప్పే ముందు రాతపూర్వకంగా తెలియజేయాలని నా అగ్రిమెంట్‌లోనే ఉంది. నేను ఆ పేజీ మీద సంతకం పెట్టాను గానీ చదవలేదు.

ఇక ఎం-బుక్. మెజర్‌మెంట్ బుక్కుని అందరూ ఇలాగే పిలుస్తారు. సర్కారు పనిలో డబ్బుకు తల్లివేరు ఇదే. పేజీలకు ముందే నంబర్లు ఉంటాయి. రాసింది తుడపకూడదు. తప్పు పడితే గీత కొట్టి, పక్కన సరైనది రాసి పొట్టి సంతకం చేయాలి. కొలతలు రాసేది ఏఈ, చెక్ మెజర్‌మెంట్ చేసేది డీఈఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు), ఆ పైన సూపర్ చెక్ ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) చేస్తారు. మీరు చేసేది "కొలతలు అంగీకరించాను" అన్న సంతకం. ఆ సంతకానికి ముందు కొలతలన్నీ చదివే హక్కు మీకుంది. చాలామంది మొహమాటానికి చదవరు.

ఒక ఎంట్రీ దగ్గరగా చూద్దాం. ఊళ్లో వంద మీటర్ల సీసీ రోడ్డు, వెడల్పు 3 మీటర్లు, మందం 15 సెంటీమీటర్లు. ఎం-బుక్‌లో వరసగా వివరం, సంఖ్య, పొడవు, వెడల్పు, మందం, పరిమాణం అని గడులుంటాయి. ఒకే వరసలో రాస్తే 100 × 3.00 × 0.15 = 45 క్యూబిక్ మీటర్లు. అయితే రామాలయం దగ్గర మలుపులో ట్రాక్టర్లు తిరగాలని నలభై మీటర్ల మేర 3.40 వెడల్పు వేశారనుకోండి. అప్పుడు రెండు వరసలు రావాలి. 60 × 3.00 × 0.15 = 27. 40 × 3.40 × 0.15 = 20.4. మొత్తం 47.4. ఒకే వరసలో రాసిన ఎంట్రీ కింద సంతకం పెడితే 2.4 క్యూబిక్ మీటర్ల కాంక్రీటు ఊరికి దానం చేసినట్టే. క్యూబిక్ మీటరు 6,000 చొప్పున వేసుకున్నా 14,400 రూపాయలు.

ఇక్కడే అసలు మెలిక. ఆ నలభై సెంటీమీటర్లు ఎవరు వేయమన్నారు? సర్పంచ్ గారు అన్నారనో, ఏఈ గారు సైటులో నిలబడి "కొంచెం వెడల్పు వేయండి" అన్నారనో వేస్తే అది కాగితం మీద లేని పని. లేని పనికి కొలత రాయడం ఏఈ వల్ల కూడా కాదు, రేపు ఆడిట్‌లో ఆయన మెడకు చుట్టుకుంటుంది. అందుకే నోటిమాట విన్న సాయంత్రమే ఒక ఉత్తరం పెట్టండి. "ఈ రోజు సైటు తనిఖీలో తమరు సూచించిన మేరకు 60 మీటర్ల నుంచి 100 మీటర్ల వరకు వెడల్పు 3.40 మీటర్లుగా వేయుటకు రాతపూర్వక అనుమతి కోరుతున్నాను." అంతే. అనుమతి వచ్చేదాకా మామూలు వెడల్పున్న అరవై మీటర్లు వేసుకోండి.

వేసేటప్పుడు క్యూబులు మర్చిపోకండి. కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం 31 నుంచి 50 క్యూబిక్ మీటర్ల కాంక్రీటుకు నాలుగు శాంపిళ్లు తీయాలి, షిఫ్టుకు కనీసం ఒకటి ఉండాలి. శాంపిల్‌కు మూడు క్యూబులు. అంటే మన రోడ్డుకు పన్నెండు. 28వ రోజు పరీక్షకు ఇవి. ఏడో రోజు ఫలితం కూడా కావాలంటే అదనంగా పోయాలి. క్యూబు 15 సెంటీమీటర్ల పెట్టె, పచ్చిగా ఉండగానే దాని మీద తేదీ, చైనేజీ (రోడ్డు మొదటి నుంచి ఎన్నో మీటరో) మేకుతో గీయించండి. చాక్‌పీసుతో రాస్తే నీళ్ల తొట్టిలో నానేసరికి చెరిగిపోతుంది. ఆ తర్వాత ఏ క్యూబు ఏ రోజుదో మేస్త్రీ ప్రమాణం చేసినా క్యూసీ (క్వాలిటీ కంట్రోల్) వాళ్లు ఒప్పుకోరు. 28 రోజులన్నది కూడా గుర్తుంచుకోండి. రోడ్డు చివరి ముక్క వేసిన మర్నాడు ఫైనల్ బిల్లు అడిగితే ఎవరూ ఇవ్వలేరు. ఆ నెల ఖర్చులకు డబ్బు చేతిలో ఉంచుకున్నాకే పని మొదలుపెట్టాలి.

ఆలస్యం గురించి చెప్పాలి. కరెంటు స్తంభం రోడ్డు మధ్యలో ఉంది, విద్యుత్ శాఖవాళ్లు తీసేసరికి పంతొమ్మిది రోజులు పట్టింది. మీ తప్పు లేదు. కానీ గడువు దాటాక ఫైల్లో కనిపించేది "కాంట్రాక్టరు జాప్యం" అనే. గడువు పెంపు, అంటే ఈఓటీ కావాలన్నా, జరిమానా తప్పించుకోవాలన్నా అడ్డంకి మొదలైన రోజున ఒక ఉత్తరం, తొలగిన రోజున ఒక ఉత్తరం ఉండాలి. ఉత్తరం ఇలా ఉంటే చాలు:

"గౌరవనీయులైన డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారికి,
విషయం: ఫలానా అగ్రిమెంట్ నంబరు పని – 35వ మీటరు వద్ద విద్యుత్ స్తంభం అడ్డు.
సదరు స్తంభం వల్ల ఈ నెల 4వ తేదీ నుంచి 30–40 మీటర్ల మధ్య పని నిలిచినది. స్తంభం తొలగింపునకు చర్యలు తీసుకోవలసిందిగానూ, నిలిచిన రోజులను గడువులో మినహాయించవలసిందిగానూ కోరుతున్నాను."

కోపం, నిష్ఠూరం, "మీ నిర్లక్ష్యం వల్ల" లాంటివి రాయకండి. తేదీ, చోటు, కారణం చాలు. రెండు ప్రతులు పట్టుకెళ్లి ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ఇన్‌వర్డ్ స్టాంపు, తేదీ వేయించుకోండి. స్టాంపు లేని ఉత్తరం మీరు మీ ఇంట్లో రాసుకున్న డైరీతో సమానం. వాట్సాప్‌లో పెట్టాను, బ్లూ టిక్ కూడా పడింది అంటే కుదరదు.

కొలతలయ్యాయి, క్యూబులు పాసయ్యాయి. బిల్లు. ఇక్కడ కోతలు చూసి గుండె పట్టుకునేవాళ్లే ఎక్కువ. పది లక్షల విలువైన పని చేశారనుకుందాం. దానికి జీఎస్టీ 18 శాతం, 1,80,000. మొత్తం బిల్లు 11,80,000. ఇప్పుడు కోతలు. ఎఫ్‌ఎస్‌డీ (అదనపు సెక్యూరిటీ డిపాజిట్) కింద 7.5 శాతం అంటే 75,000. ఈఎండీ 2.5, ఇది 7.5 అన్న పద్ధతి 2003 జూలైలో వచ్చిన 94వ నంబరు జీవోతో స్థిరపడింది. మీ అగ్రిమెంట్‌లో ఎంతుందో చూసుకోండి. ఆదాయపు పన్ను టీడీఎస్ సొంత పేరు మీద చేసేవాళ్లకి 1 శాతం, 10,000. సంస్థ పేరు మీదైతే 2 శాతం. కాంట్రాక్టు విలువ రెండున్నర లక్షలు దాటితే జీఎస్టీ టీడీఎస్ 2 శాతం, 20,000. భవన నిర్మాణ కార్మికుల సెస్సు 1 శాతం, 10,000. ఇవన్నీ కలిపి 1,15,000. చేతికొచ్చేది 10,65,000. ఇందులోంచి సీనరేజీ (ఖనిజాల మీద సర్కారుకు కట్టే రుసుము) కూడా పోతుంది. అది ఇసుక, కంకర, గ్రావెల్ ఎంత వాడారన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఈ కోతలన్నీ ఒక్క రకం కాదు. ఎఫ్‌ఎస్‌డీ మీ డబ్బే, దాచిపెట్టారు. టీడీఎస్‌లు రెండూ మీ పన్నులోంచి ముందే పట్టుకున్నవి. సెస్సు, సీనరేజీ మాత్రం వెళ్లిపోయినట్టే, అందుకే వాటిని టెండరు వేసేటప్పుడే లెక్కలో పెట్టుకోవాలి. మొదటి రెండు రకాలూ వాటంతట అవి వెనక్కి రావు. అడగాలి, అడగడానికి కాగితం ఉండాలి.

జీఎస్టీ టీడీఎస్ సంగతే తీసుకోండి. డిపార్ట్‌మెంటు కోసిన మరుసటి నెల 10వ తేదీలోగా జీఎస్టీఆర్-7 అనే రిటర్ను దాఖలు చేయాలి. చేశాక మీ పోర్టల్‌లో ఆ మొత్తం కనిపిస్తుంది. కనిపించగానే అయిపోలేదు, మీరు లోపలికెళ్లి "అంగీకరిస్తున్నాను" అని నొక్కితేనే మీ క్యాష్ లెడ్జర్‌లో పడుతుంది. ఈ నొక్కుడు తెలియక ఏళ్ల తరబడి డబ్బు అక్కడే వదిలేసినవాళ్లని చూశాను. పాపం వాళ్లే బయట వడ్డీకి తెచ్చి పన్ను కడుతుంటారు. ఆదాయపు పన్నుది 26ఏఎస్‌లో, అంటే మీ పాన్ మీద జమైన పన్ను చూపే పట్టికలో చూసుకోవాలి. ఒక్క అంకె తప్పుగా కొట్టినా మీ పది వేలు వేరే ఎవరి పాన్‌కో చేరతాయి. బిల్లు పాసైన ప్రతిసారీ కోతల వివరం ఉన్న కాగితం నకలు అడిగి తీసుకోండి. అది లేకపోతే ఏ తప్పునీ నిరూపించలేరు.

బిల్లు ఆన్‌లైన్‌లో ఎక్కగానే టోకెన్ నంబరు వస్తుంది. ఎక్కేది ప్రభుత్వ చెల్లింపుల పోర్టల్‌లో: ఆంధ్రలో 2018 నుంచి సీఎఫ్‌ఎంఎస్‌లో, తెలంగాణలో ఐఎఫ్‌ఎంఐఎస్‌లో. టోకెన్ వచ్చిందంటే డబ్బు వచ్చినట్టు కాదు, వరసలో నిలబడ్డట్టు. ఆ వరస ఎంత పొడవో నేను చెప్పను, మీ జిల్లాలో ఏ కాంట్రాక్టరునైనా టీ తాగుతూ అడగండి. నా సలహా ఒక్కటే. టోకెన్ చూపించి వడ్డీ వ్యాపారి దగ్గర అప్పు తేకండి.

ఒక మాట పక్కకు జరిగి చెబుతాను. 2003కు ముందు టెండరు పెట్టెలో కాగితం వేయాలంటే పెట్టె దాకా చేరనివ్వని రోజులుండేవి. ఈ-ప్రొక్యూర్‌మెంట్ వచ్చాక ఆ బెడద తగ్గింది, అది మంచిదే. ఆన్‌లైన్‌లో ఎక్కించిన కాగితాన్నే మళ్లీ ప్రింటు తీసి, గెజిటెడ్ సంతకంతో తెమ్మనడం మాత్రం నాకిప్పటికీ అర్థం కాదు. పది లక్షల రోడ్డుకీ పది కోట్ల వంతెనకీ దాదాపు అవే కాగితాలు. పెద్ద కంపెనీకి వాటికోసం ఒక గది నిండా మనుషులుంటారు. మనకు మనమే, మహా అయితే ఇంటర్ చదివే కొడుకు.

అందుకే ఇంటిపని. ఐదు అట్టఫైళ్లు కొనండి. ఉత్తరాలకు ఒకటి, ఇన్వాయిస్‌లూ పర్మిట్లకు ఒకటి, క్యూబులూ ఇతర పరీక్షలకు ఒకటి, కొలతల నకళ్లూ ఫొటోలకు ఒకటి, కోతలకు ఒకటి. కందకాల ఫొటోల్లో టేపు అంకె స్పష్టంగా కనబడాలి, ఊరికే కందకం ముందు మేస్త్రీ నవ్వుతుంటే పనికిరాదు. వారం రోజులు ప్రతి సాయంత్రం పావుగంట కూర్చుని ఆ రోజు పుట్టిన కాగితాన్ని దాని ఫైల్లో పెట్టండి. ఏ రోజు ఏ ఫైలు ఖాళీగా ఉందో కూడా రాసుకోండి, వచ్చే పాఠం అక్కణ్ణుంచే మొదలుపెడదాం.

వచ్చే పాఠం: దాచిపెట్టిన 7.5 శాతాన్ని వెనక్కి అడగడం, పని అయ్యాక ఉండే రెండేళ్ల గ్యారంటీ కాలంలో వచ్చే "రోడ్డు పగిలింది" నోటీసుకు జవాబు రాయడం.