మర్మాంగం వద్ద చర్మం మారితే: ట్యూబు కొనే ముందు చూసుకోవలసినవి

గజ్జల్లోనో, పురుషాంగం మీదనో, వృషణాల సంచి మీదనో చర్మం ఎర్రబడినా, నల్లబడినా, పొక్కులు లేచినా ఎవరికీ చెప్పకుండా మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు పూసుకోవడం మన దగ్గర మామూలు. అంతకుముందే నాలుగు సంగతులు గమనించాలి: మార్పు సరిగ్గా ఎక్కడ మొదలైంది, ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉందా, ఈ మధ్య ఏయే మాత్రలు వేసుకున్నారు, షుగర్ పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారు.

గజ్జల మడతలో గుండ్రంగా పాకే మచ్చ

అంచు ఎర్రగా, కాస్త ఎత్తుగా ఉండి, పొట్టు రాలుతూ తొడల వైపు పాకితే అది తామర అనే ఫంగస్ జబ్బు. వృషణాల సంచి మీదికి ఇది సాధారణంగా రాదు. ఎండాకాలపు చెమట, బిగుతు జీన్స్, బొగ్గు గనుల్లో ఉక్కపోతలో చేసే పని, నాట్ల వేళ పొద్దంతా ఒంటి మీదే ఉండే తడి బట్టలు దీన్ని పెంచుతాయి.

అసలు చిక్కు మందుతోనే వస్తుంది. తామరకని అడగ్గానే చేతిలో పెట్టే చాలా ట్యూబుల్లో ఫంగస్ మందుతో పాటు స్టెరాయిడ్ కూడా కలిసి ఉంటుంది. అది రెండు మూడు రోజుల్లో దురదను అణచి ఫంగస్‌ను మాత్రం పెరగనిస్తుంది. మానగానే మచ్చ మరింత విస్తరించి తిరిగి వస్తుంది, అప్పటికి దాని ఆకారం చెదిరిపోయి వైద్యుడికి సైతం గుర్తుపట్టడం కష్టమవుతుంది. పైగా వృషణాల సంచి చర్మం ముంజేతి చర్మం కంటే సుమారు 40 రెట్లు ఎక్కువగా స్టెరాయిడ్‌ను పీల్చుకుంటుంది కనుక, నెలల తరబడి పూసినవారికి అక్కడి చర్మం పలచబడి ఎర్రగా మండుతూ ఉండిపోతుంది, తొడల మీద చారలు పడతాయి. ట్యూబు మీది చిన్న అక్షరాల్లో క్లోబెటాసోల్ గానీ, బీటామెథాసోన్, మొమెటాసోన్ వలె ‘సోన్’తో ముగిసే పేరు గానీ ఉంటే దాన్ని సొంతంగా వాడకూడదు.

దీనికి చర్మవైద్యుడు రాసిన ఇట్రాకోనజోల్ లేదా టెర్బినాఫిన్, స్టెరాయిడ్ లేని పూతమందు వాడాలి. మచ్చ కనబడకుండా పోయాక కూడా మరో రెండు వారాలు పూయాలి. మొలతాడు తీసివేయడం మంచిది, ఎందుకంటే ఎప్పుడూ చెమటతో తడిసి ఉండే ఆ దారం ఫంగస్‌కు ఆశ్రయమవుతుంది. ఆచారం వదలలేనివారు మందు పూర్తయ్యాక కొత్తది కట్టుకోవచ్చు. తువ్వాలు ఎవరిది వారికే ఉండాలి. ఇంట్లో తామర ఉన్నవారందరికీ ఒకేసారి వైద్యం జరగకపోతే అది ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది.

పురుషాంగం కొన ఎర్రబడి, ముందుచర్మం కింద తెల్లని పొర

విరిగిన పాలలాంటి పొర చేరి, ముందుచర్మం అంచున చీలికలు పడితే క్యాండిడా ఫంగస్‌ను, దాని వెనుక షుగర్‌ను అనుమానించాలి. తమకు షుగర్ ఉందని కొందరికి తొలిసారి తెలిసేది ఈ చీలికలతోనే. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు గ్లూకోజ్‌ను మూత్రం ద్వారా పంపిస్తాయి కాబట్టి అవి వాడేవారికి ఈ బాధ ఎక్కువ. అయినా మాత్రను సొంతంగా మానకుండా, రాసిన వైద్యుడికి చెప్పాలి. క్లోట్రిమజోల్ క్రీమును రోజుకు రెండుసార్లు ఒకటి రెండు వారాలు పూస్తూ, మంచినీళ్లతో కడిగి పొడిగా తుడుచుకోవాలి. రక్తంలో షుగర్ అదుపులోకి రాకపోతే ఇది మళ్లీ వస్తుంది.

రాత్రిపూట పెరిగే దురద, గట్టి కురుపులు

వేళ్ల సందుల్లో, నడుము చుట్టూ కూడా గోకుడు ఉంటే అది గజ్జి. 5 శాతం పర్మెత్రిన్ క్రీమును మెడ నుంచి అరికాళ్ల వరకు రాత్రి పూసి ఉదయం కడగాలి, వారం తర్వాత మళ్లీ పూయాలి. దురద లేకపోయినా ఇంటిల్లిపాదీ అదే రాత్రి పూసుకోవాలి. గజ్జి పురుగు చచ్చాక కూడా కురుపులు కొన్ని వారాలు ఉంటాయి; అందుకని క్రీమును పదేపదే పూయనవసరం లేదు.

మాత్ర వేసినప్పుడల్లా అదే చోట మచ్చ

జ్వరానికో, విరేచనాలకో, నొప్పులకో మాత్ర వేసుకున్న కొన్ని గంటల్లో లేదా ఒకటి రెండు రోజుల్లో కొన మీద గుండ్రని మచ్చ మంటతో లేచి, మానాక నల్లగా మిగిలితే అది మందు పడకపోవడం. కోట్రైమాక్సజోల్, టినిడజోల్, డాక్సీసైక్లిన్, నొప్పి మాత్రలు తరచుగా కారణమవుతాయి. దీన్ని సుఖవ్యాధిగా పొరబడి భార్యాభర్తలు అనవసరంగా గొడవపడతారు. ఆ మందు పేరు కాగితం మీద రాసుకుని, ఆర్‌ఎంపీతో సహా మందు ఇచ్చే ప్రతి ఒక్కరికీ చూపించాలి.

ఉన్నట్టుండి మంట

వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్లో మిరప బస్తాలు ఎత్తినవారు, చేనులో మిరపకాయ ఏరినవారు మూత్రానికి వెళ్లకముందే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. కారపు ఘాటు వట్టి నీళ్లకు పోదు. డెట్టాల్ నేరుగా పోయడం, తామరకని నల్లజీడి రసం పూయడం చర్మాన్ని కాలుస్తాయి.

పుండ్లు

గుంపుగా లేచి పగిలే నీటి పొక్కులు నొప్పి పెడితే హెర్పిస్, నొప్పి లేని గట్టి పుండు ఒక్కటే ఉంటే సిఫిలిస్ కావచ్చు. రెండోది మందు లేకుండానే మానినట్టు కనిపించి లోపల సాగుతుంది. బెంజథీన్ పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో నయమవుతుంది. వరంగల్ ఎంజీఎం వంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ పరీక్షలూ, హెచ్‌ఐవీ పరీక్షా ఉచితంగా, గోప్యంగా చేస్తారు; 1097 నంబరుకు ఫోన్ చేసి సలహా అడగవచ్చు. భాగస్వామికి కూడా వైద్యం అవసరం.

కొన చుట్టూ వరుసగా ఉండే ముత్యాల్లాంటి చిన్న బొడిపెలు జబ్బు కావు, వాటిని గిల్లకూడదు.

ఆగకూడనివి

ముందుచర్మం తెల్లబడి బిగుసుకుపోతుంటే, లేదా పుండో గడ్డో నాలుగు వారాలైనా మానకుంటే, ముఖ్యంగా పొగాకు అలవాటున్న పెద్దవయసువారు, క్యాన్సర్ కాదని తేల్చుకోవడానికి బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) చేయించుకోవాలి. వెనక్కి లాగిన ముందుచర్మం తిరిగి ముందుకు రాక వాచిపోయినా, జ్వరంతో పాటు సంచి చర్మం విపరీతమైన నొప్పితో నల్లబడి దుర్వాసన వచ్చినా, మరీ షుగర్ ఉన్నవారైతే, తెల్లవారే దాకా ఆగకుండా ఆ రాత్రే ఎమర్జెన్సీ వార్డుకు వెళ్లాలి.