ఒక్క తార వెంట నడవండి

మాది చిక్కడపల్లి. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్లకు నడిచి వెళ్లేంత దూరంలో బ్లౌజులు కుట్టే షాపు నాది. పెద్ద హీరో సినిమా విడుదలైన ఉదయం డప్పుల మోతలో నా మిషను చప్పుడు నాకే వినిపించదు. ఆ మోత నాకు ఇష్టం. ఒక ముఖం కోసం తెల్లవారకముందే లేచి వెళ్లి వరుసలో నిలబడటం మన ఊరికి కొత్త కాదు. అదే అభిమానాన్ని హాంకాంగ్, కొరియా, జపాన్ నటుల మీద పెట్టుకోవడం ఎలాగో చెప్పాలని ఇది రాస్తున్నాను. కొలతలు ఇవ్వడానికి వచ్చే అమ్మాయిలు షాపు గోడ మీది ఫొటో చూసి "ఈయన ఎవరు ఆంటీ? ఏ సినిమాతో మొదలుపెట్టాలి?" అని అడుగుతూ ఉంటారు. ఆ ఫొటోలో ఉన్నది హాంకాంగ్ నటుడు టోనీ లియుంగ్.

నన్ను ఆయన దగ్గరికి తీసుకెళ్లింది ఒక కాలర్. తార్నాకలోని ఇఫ్లూలో (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) చదువుతున్న మా మేనకోడలు ఆరేళ్ల క్రితం ఫోనులో ఒక బొమ్మ చూపించి, "అత్తా, కాలేజీ కార్యక్రమానికి ఇలాంటిది కుట్టిపెడతావా?" అని అడిగింది. మెడను పట్టి ఉంచే నిటారు కాలర్, అక్కడినుంచి కుడి చంక వైపు ఏటవాలుగా దిగే తెరుపు, గుడ్డతోనే ముడివేసిన గుండీలు, పక్కన చీలిక. చైనా ఆడవాళ్లు వేసుకునే ఆ దుస్తును చోంగ్‌సామ్ అంటారని అప్పుడే తెలిసింది. బొమ్మలో కాలర్ వెనక భాగం కనిపించలేదు. "అయితే సినిమానే చూడు" అని తన ల్యాప్‌టాప్‌లో 'ఇన్ ద మూడ్ ఫర్ లవ్' పెట్టింది. మొదటిసారి కాలర్ కోసమే చూశాను. రెండోసారి ఆ బట్టల్లో ఉన్న నాయిక మ్యాగీ చుంగ్‌ని చూశాను. మూడోసారి, ఆమె ఎదుట ఏమీ అనకుండా నిలబడి ఉన్న టోనీని చూశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అందుకే నేను చెప్పే మొదటి మాట: జాబితాలు పక్కన పెట్టండి. 'తప్పక చూడాల్సిన వంద చిత్రాలు' అని ఎవరో రాసిన వరుసలో ఒక సినిమాకూ మరో సినిమాకూ చుట్టరికం ఉండదు. నాలుగో సినిమాకు అలసిపోతారు. ఒక్క నటుణ్ణి గానీ నటిని గానీ ఎంచుకోండి. తెలియని ఊళ్లో తెలిసినవాళ్ల ఇల్లు ఒకటి ఉంటే ఎంత ధైర్యమో, తెలియని భాషలో తెలిసిన ముఖం అంత ధైర్యం. ఎవరిని ఎంచుకోవాలో తేల్చుకోవడానికి నా దగ్గర ఒక పరీక్ష ఉంది. ఏదైనా ఒక సన్నివేశాన్ని శబ్దం పూర్తిగా ఆపేసి చూడండి. మాట్లాడుతున్నవారిని వదిలేసి మీ కన్ను ఎవరి మీద నిలుస్తుందో, ఆ మనిషే మీ మనిషి.

తర్వాత పేరు నేర్చుకోండి. చైనీస్, కొరియన్ పేర్లు చూసి చాలామంది తికమకపడతారు గానీ తెలుగువారికి ఆ ఇబ్బంది ఉండకూడదు. అక్కినేని, నందమూరి అన్నట్టే వాళ్లూ ఇంటిపేరే ముందు చెబుతారు. కొరియా నటుడు సాంగ్ కాంగ్-హో పేరులో సాంగ్ ఇంటిపేరు. లియుంగ్ చియు-వైలో లియుంగ్ ఇంటిపేరు, టోనీ అనేది ఇంగ్లీషు పేరు. అయితే ఇక్కడొక చిక్కు ఉంది. హాంకాంగ్‌లో టోనీ లియుంగ్‌లు ఇద్దరు. ఒకరు చియు-వై, మరొకరు కా-ఫై. ఇద్దరూ పేరున్న నటులే కాబట్టి అభిమానులు వాళ్లను చిన్న టోనీ, పెద్ద టోనీ అని పిలుస్తారు. మనది చిన్న టోనీ. వెతికేటప్పుడు పూర్తి పేరుతో వెతకండి, లేకపోతే నాలాగా ఒక సాయంత్రమంతా వేరే మనిషి సినిమా చూస్తూ "ఈయన ఎప్పుడు వస్తాడా" అని ఎదురుచూడాల్సి వస్తుంది.

ఇక ఏ వరుసలో చూడాలి అన్నది అసలు సంగతి. తొలి సినిమా నుంచి సంవత్సరాల వరుసలో వెళ్లకండి. మీకు అలవాటైన రుచితో మొదలుపెట్టి, అలవాటు లేని రుచికి మెల్లగా వెళ్లండి.

టోనీ లియుంగ్ విషయంలో నేను అందరికీ 'ఇన్‌ఫర్నల్ అఫైర్స్'తో మొదలుపెట్టమని చెబుతాను. 2002లో వచ్చింది. ముఠాలో రహస్యంగా ఉన్న పోలీసు ఆయన, పోలీసుల్లో రహస్యంగా ఉన్న ముఠా మనిషి ఆండీ లౌ. పోలీసు కథలు చూసి పెరిగిన మనకు ఇందులో ఒక్క నిమిషం కూడా పరాయిగా అనిపించదు. దీన్నే హాలీవుడ్ 2006లో 'ది డిపార్టెడ్' పేరుతో మళ్లీ తీస్తే దానికి ఉత్తమ చిత్రం ఆస్కార్ వచ్చింది. చైనీస్‌లో ఈ సినిమా పేరు బౌద్ధంలోని అవీచి నరకాన్ని సూచిస్తుంది. విరామం లేని బాధ అని అర్థం. మన పెద్దవాళ్ల నోట విన్న మాటే కదా. ఆ పేరు తలచుకుంటూ టోనీ కళ్ల కింది అలసట చూడండి.

రెండోది 'చుంగ్‌కింగ్ ఎక్స్‌ప్రెస్'. 1994లో దర్శకుడు వాంగ్ కార్-వై మరో పెద్ద సినిమా ఎడిటింగ్ మధ్యలో దొరికిన విరామంలో దీన్ని తీశారు. ఇందులోనూ టోనీ పోలీసే, కానీ తుపాకీ పని లేదు. ప్రేయసి వదిలి వెళ్లిపోతే ఇంట్లో సబ్బుతో మాట్లాడతాడు, చిక్కిపోయావని దాన్ని మందలిస్తాడు. తడిసిన తువ్వాలును ఏడవవద్దని ఓదారుస్తాడు. వినడానికి వింతగా ఉంటుంది. చూస్తే, ఒంటరిగా ఉన్న మనిషి ఇంట్లో వస్తువులే బంధువులని అర్థమవుతుంది. మొదటి సినిమాలో ఈ మనిషిని నమ్మి ఉంటారు కాబట్టి ఈ వింతనూ నమ్ముతారు. నేను వరుస గురించి ఇంత పట్టుబట్టేది ఇందుకే.

మూడోదిగా 'ఇన్ ద మూడ్ ఫర్ లవ్' చూడండి. ఈ సినిమాకే 2000లో ఫ్రాన్స్‌లోని కాన్ చలనచిత్రోత్సవంలో ఆయన ఉత్తమ నటుడయ్యారు. 1962 నాటి హాంకాంగ్. పక్కపక్క గదుల్లో అద్దెకు దిగిన రెండు జంటలు. మ్యాగీ భర్తకూ టోనీ భార్యకూ సంబంధం ఉందని వీళ్లిద్దరికీ తెలుస్తుంది. కథ అంతే. ఇక్కడ కుట్టుపని తెలిసినవారి కోసం కాస్త ఆగుతాను. మ్యాగీ వేసుకున్న చోంగ్‌సామ్‌లు ఇరవైకి పైగానే ఉంటాయి. కోత ఒక్కటే, గుడ్డ మారుతుంది. మెట్లు దిగి నూడుల్స్ తెచ్చుకోవడానికి చేతిలో డబ్బాతో వెళ్తుంది, పూల గుడ్డ. మళ్లీ అవే మెట్లు, ఈసారి చారల గుడ్డ. రోజులు గడిచాయని ఎవరూ చెప్పరు, గుడ్డ చెబుతుంది. ఆ బట్టలను రూపొందించిన విలియం చాంగ్ సుక్-పింగే ఈ సినిమాకు కళాదర్శకుడు, ఎడిటర్ కూడా. గుడ్డ కత్తిరించిన చేతే ఫిల్మునూ కత్తిరించింది! ఈ సంగతి తెలిసిన రోజు నేను కత్తెర బల్ల మీద పెట్టి, కొంతసేపు ఊరికే కూర్చున్నాను. మా మేనకోడలి కాలర్‌కు లోపల బక్రం (కాలర్ నిలబడటానికి వేసే గట్టి గుడ్డ) ఒక పొర వేస్తే వాలిపోయింది, రెండు వేస్తే మెడ కోసుకుంది. చివరికి ఒక పొర బక్రం, ఒక పొర గంజి పెట్టిన కాటన్ వేస్తే కుదిరింది. తల వంచితే గొంతుకు తగిలే ఎత్తు అది. ఆ కాలర్ వేసుకున్న మనిషి ఎందుకంత నిటారుగా, మనసులో మాట బయట పెట్టకుండా నడుస్తుందో కుట్టాకే నాకు బోధపడింది.

ఈ మూడూ అయ్యాక 'ఎ సిటీ ఆఫ్ సాడ్‌నెస్' చూడండి, ముందు మాత్రం వద్దు. 1989లో తైవాన్‌లో హౌ షియావ్-షియెన్ తీశారు. 1947 ఫిబ్రవరి చివర అక్కడ మొదలైన ప్రభుత్వ దమనకాండ చుట్టూ తిరిగే కథ. నెమ్మదిగా, దూరం నుంచి చూపిస్తారు. టోనీకి తైవాన్ వాడుక భాష రాదు కాబట్టి ఆయన పాత్రను వినపడని, మాట్లాడలేని ఫొటోగ్రాఫర్‌గా మలిచారు. వెనిస్ చలనచిత్రోత్సవంలో ఈ సినిమాకు అత్యున్నత బహుమతి స్వర్ణ సింహం వచ్చింది. 2023లో అదే వెనిస్ ఉత్సవం ఆయనకు జీవితకాల పురస్కారంగా స్వర్ణ సింహం ఇచ్చింది.

భాష గురించి కచ్చితంగా ఉండండి: డబ్బింగ్ వద్దు. నేను 'ఇన్‌ఫర్నల్ అఫైర్స్' మొదట చూసింది ఒక టీవీ చానల్‌లో, హిందీ డబ్బింగ్‌లో. ఆ బొంగురు గొంతు ఆ ముఖానిది కానే కాదు, సగంలో లేచిపోయాను. మనకు నచ్చిన నటుడికి వేరేవారు గొంతు ఇస్తే మనం ఊరుకుంటామా? హాంకాంగ్ సినిమా అయితే ఆడియోలో కాంటోనీస్ ఎంచుకోండి, మాండరిన్ కాదు. ఆ రెండూ వేరు వేరు. 'ఇన్ ద మూడ్ ఫర్ లవ్'లో ఇంటి యజమానురాలు షాంఘై మాటలో పలకరిస్తే అద్దెకున్నామె కాంటోనీస్‌లో జవాబిస్తుంది. ఉర్దూలో అడిగినదానికి తెలుగులో బదులు చెప్పే హైదరాబాద్ వాళ్లకు ఇది ఎవరూ వివరించనక్కర్లేదు. డబ్బింగ్‌లో అదంతా చదునైపోతుంది. కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు వేగంగా పోతాయని భయపడకండి. ఆపి చదవండి. రెండోసారి చూసేటప్పుడు అక్షరాలు తీసేయండి, కథ తెలుసు కాబట్టి కళ్లన్నీ ముఖం మీదే ఉంటాయి.

ఎక్కడ చూడాలి? ఎక్కువ భాగం ఇంట్లోనే, డబ్బు కట్టిన ఓటీటీలో. ఏ సినిమా ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోతుందో చెప్పలేం కాబట్టి నెలకోసారి నటుడి పేరుతో వెతకండి. మనుషుల మధ్య చూడాలనిపిస్తే సినిమా ప్రదర్శనలు వేసే హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్ గురించి, బంజారాహిల్స్‌లోని సాంస్కృతిక వేదిక లామకాన్ గురించి వాకబు చేయండి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల్లో సినిమా పత్రికలు దొరుకుతాయి, పది కట్టలు తిరగేసే ఓపిక ఉండాలి. నా గోడ మీది ఫొటో అక్కడిదే.

ఒక నటుడు ఎప్పుడూ ఒంటరిగా రాడు, కొంత కాలానికి తన పక్కన నిలబడ్డవారిని మీకు అప్పగిస్తాడు. మ్యాగీ వెంట వెళ్లారనుకోండి, 1985 నాటి 'పోలీస్ స్టోరీ'లో జాకీ చాన్ ప్రేయసిగా కనిపిస్తుంది. మనందరికీ తెలిసిన జాకీ చాన్ పక్కనే ఈమె ఇన్నాళ్లూ ఉంది! అక్కడినుంచి 'సెంటర్ స్టేజ్'కు వెళ్లండి. 1930ల షాంఘై మూకీ తార, ఇరవై నాలుగేళ్లకే కన్నుమూసిన రువాన్ లింగ్‌యూగా ఆమె నటించింది, 1992లో బెర్లిన్ చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటి అయింది. టోనీ, మ్యాగీ కలిసి కనిపించే 'హీరో' అనే చైనా సినిమాలో ఒక్కో కథనానికి ఒక్కో రంగు. ఆ దుస్తులు జపాన్‌కు చెందిన ఎమీ వాడా చేసినవి, జపాన్ దర్శకుడు కురొసావా తీసిన 'రాన్'కు ఆస్కార్ అందుకున్నావిడ. ఆ పేరు పట్టుకుంటే జపాన్ చేరతారు, కురొసావాతో పదహారు సినిమాలు చేసిన నటుడు తొషిరో మిఫూనె దగ్గరికి.

ఇంట్లో వాళ్లను కలుపుకోవాలంటే మాత్రం దారి వేరు. మా అత్తగారిని నేను 'ఓ! బేబీ'తో కూర్చోబెట్టాను. లక్ష్మి, సమంత నటించిన ఆ సినిమా ఆవిడకు ముందే ఇష్టం. అది 2014 నాటి కొరియన్ సినిమా 'మిస్ గ్రానీ' ఆధారంగా తీసినదని చెప్పి, మరుసటి ఆదివారం ఆ కొరియన్ సినిమా పెట్టాను. ఫొటో స్టూడియోలోకి వెళ్లిన ముసలావిడ పడుచుపిల్లగా బయటికి రాగానే, ఆవిడే నాకు ముందు కథ చెప్పడం మొదలుపెట్టారు. నా మాట వినండి, పెద్దవాళ్లకు తెలిసిన కథతోనే కొత్త ముఖాలను పరిచయం చేయండి.

ఒక పుస్తకం పెట్టుకోండి. నాది కొలతల పుస్తకమే, వెనక పేజీల నుంచి రాస్తాను. సినిమా పేరు, సంవత్సరం, నటుడి వయసు, చూసిన తేదీ, ఆయన చేతులు ఏం చేస్తున్నాయి అన్న ఒక్క వాక్యం. కథ రాయకండి, అది ఎక్కడైనా దొరుకుతుంది.

నాకు తీరిక ఆషాఢంలోనే. పెళ్లిళ్లు ఉండవు, శ్రావణం బ్లౌజులు ఇంకా మొదలుకావు. ఈ ఆషాఢానికి సాంగ్ కాంగ్-హోను రాసి పెట్టుకున్నాను. నాలుగు ఆదివారాలు, నాలుగు సినిమాలు, మొదటిది 2003 నాటి 'మెమరీస్ ఆఫ్ మర్డర్'. అత్తగారు తానూ చూస్తానన్నారు. ఆవిడకు ఇంగ్లీషు చదవడం రాదు కాబట్టి నేను పక్కన కూర్చుని చెబుతాను. మీరూ ఎవరికైనా ఇలా చెప్పాల్సి వస్తే ప్రతి మాటా తెలుగు చేయకండి. ఎవరు ఎవరిని ఏం అడిగారో ఒక ముక్కలో చెప్పి ఊరుకోండి. జవాబు ముఖంలో కనిపిస్తుంది, అత్తగారు నాకన్నా ముందే పట్టేస్తారు.