మ్యూజియంలో ఏసీ ఆగకుండా తిరుగుతోందా? ముందు మిద్దె ఎక్కి చూడండి

తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటగానే చిన్న మ్యూజియం నడిపేవాళ్లకు కరెంటు బిల్లు టెన్షన్ మొదలవుతుంది. ఇంకో ఏసీ పెట్టిద్దామా అంటారు. అది ఆఖరి మాట. వేడి ఎక్కణ్ణుంచి వస్తోందో ముందు పట్టుకోవాలి.

సమస్య: పొద్దున చల్లగానే ఉంటుంది. సాయంత్రం నాలుగు దాటితే ఏసీ ఎంత తిరిగినా ఉక్కపోతే.
కారణం: స్టూలెక్కి శ్లాబుకు అరచెయ్యి ఆనించండి. చురుక్కుమంటే దొంగ దొరికినట్టే. పగలంతా తాగిన ఎండను శ్లాబు సాయంత్రం లోపలికి వదులుతుంది. చంద్రగిరి రాజమహల్‌లో ఎండ తెలియదంటే ఆ సున్నపు కట్టడం మందం వల్లే. మన శ్లాబుకు అంత మందం ఎక్కడిది?
పరిష్కారం: మిద్దె కడిగి, పగుళ్లు పూడ్చి, తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ రెండు కోట్లు వేయించండి. డబ్బులు చాలకపోతే సున్నమైనా సరే. కాకపోతే అక్టోబరు, నవంబరు వానలకు కొట్టుకుపోతుంది, ఏటా శివరాత్రి దాటగానే మళ్లీ కొట్టాలి.

సమస్య: గది చల్లగా ఉన్నా అద్దాల పెట్టె వెచ్చగా తగులుతుంది.
కారణం: లోపలి హాలోజెన్ బల్బులు. 50 వాట్లవి 20 ఉంటే ఎనిమిది గంటలకు 8 యూనిట్లు. అక్కడితో పోదు. ఆ కరెంటంతా వేడై గదిలోకే చేరుతుంది, దాన్ని బయటికి తోడటానికి ఏసీ మళ్లీ కరెంటు తింటుంది.
పరిష్కారం: 7 వాట్ల ఎల్‌ఈడీలు పెడితే అదే పనికి యూనిట్ చిల్లర. శ్రీకాళహస్తి కలంకారీకి, తాళపత్రాలకు 50 లక్స్ వెలుతురు చాలు, మించితే రంగులు వెలిసిపోతాయి. చీకటిగా ఉందని చూడవచ్చినవాళ్లు అంటారు. చుట్టూ గోడల మీది లైట్లు తగ్గించండి, పెట్టె దానంతటదే వెలుగుతున్నట్టు ఉంటుంది.

సమస్య: రాత్రిళ్లు ఏసీ ఆపాం, బిల్లు తగ్గింది. తాళపత్రాల దగ్గర ముక్కిపోయిన వాసన.
కారణం: పగలు ఆరడం, రాత్రి చెమ్మ పట్టడం. ఈ పొదుపు నాకు నచ్చదు. తాళపత్రానికి, చెక్కకు తేమలో ఈ హెచ్చుతగ్గులే ఎక్కువ చేటు.
పరిష్కారం: అలాంటి వస్తువులను బయటి గోడ తగలని చిన్న గదిలోకి చేర్చండి. పెట్టెల్లో తేమను పీల్చే సిలికా జెల్ ఉంచి, తేమ మీటరు చూసి రెండు పూటలా రాసుకోండి. వస్తువులు చేర్చకముందే తలుపు అంచుల వెంట వెలిగించిన అగరుబత్తి తిప్పండి. పొగ వంగిన చోట సందు ఉన్నట్టు, రబ్బరు పట్టీ వేయండి.

సమస్య: అన్నీ చేశాం, బిల్లు కదల్లేదు.
కారణం: రిమోట్‌లో 18 ఉండి ఉంటుంది, లేదా ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయి ఉంటుంది.
పరిష్కారం: 24లో పెట్టండి, వేసవిలో పదిహేను రోజులకోసారి ఫిల్టరు కడిగించండి. రిమోట్ మాత్రం వాచ్‌మన్ చేతిలో కాకుండా బీరువాలో ఉండాలి.