కటింగ్ షాపుల ‘ఫేడ్’ అని ఒక్క మాట చెప్పి కూసోకుండ్రి

పోయిన ఎండకాలం మా బావ పెండ్లికి రెండు రోజుల ముంగట హన్మకొండల ఒక కటింగ్ షాపుల కూసొని "అన్నా, ఫేడ్ కొట్టు" అన్న, అంతే, ఆయన గూడ ఇంకేం అడగలే, మిషన్ తీసి చెవు కాడ షురూ జేసి కణత దాటిచ్చి పైదాక గీకిండు, నేనేమో ఫోన్ల తల పెట్టి కూసున్న, లేసి అద్దంల జూస్తే రెండు పక్కల తోలే కనవడుతున్నది. ఇంటికి పోతే మా అమ్మ "ఏందిరా, ఎలుకలు కొరికినయా" అన్నది. తప్పు ఆయనది కాదు, నాదే. ఫేడ్ అనేది ఒక్క కటింగ్ పేరు కాదని నాకప్పుడు తెల్వదు.

ఇంగ్లీషుల ఫేడ్ అంటే మెల్లమెల్లగ మాయమైపోవుడు. జీన్స్ ఉతికి ఉతికి రంగు ఎలిసిపోతది సూడుండ్రి, అది ఫేడ్ అయినట్టే, పాట అయిపోయేటప్పుడు సౌండ్ తగ్గుకుంట పోతే ఫేడ్ అవుట్ అంటం. జుట్టుల గూడ గదే, పైన పొడుగున్నది కిందికొచ్చినకొద్దీ పొట్టిగైకుంట తోలుల కలిసిపోవాలె. అమెరికాల మిలట్రీ కటింగ్ ల పుట్టి, 1980ల కాలంల నల్లజాతి బార్బర్ల చేతుల స్టైల్ అయింది. ఏడ ఆగింది ఏడ షురూ అయింది తెల్వకుండ కలవాలె, చెరువు కట్ట నీళ్లల్లకు జారినట్టు. శివనగర్ మెట్లబావి లెక్క మెట్లు మెట్లు కనవడితే మాత్రం పని సక్కగ కాలేదన్నట్టు.

మరి షాపుల ఏం చెప్పాలె అంటే, ముందు ఎంత ఎత్తు కాడికి అనేది చెప్పుండ్రి. చెవుకు జర పైన ఆగితే లో ఫేడ్, కణత దాక పోతే మిడ్, అది దాటితే హై. ఫస్ట్ టైమ్ అయితే లో చాలు, ఎక్కువ కావాలంటే మళ్ల కొట్టచ్చు గని కొట్టినంక అతికియ్యలేం కద. తర్వాత అన్నిటికన్న కింద తోలు కనవడాల్నా వద్దా చెప్పాలె, కనవడితే దాన్ని స్కిన్ ఫేడ్ అంటరు. వద్దనుకుంటే "కింద ఒకటో నంబర్ పెట్టు" అనుండ్రి. ఈ నంబర్లు మిషన్ కు తగిలిచ్చే ప్లాస్టిక్ దువ్వెనవి, ఒకటి అంటే దగ్గర దగ్గర 3 మిల్లీమీటర్లు, రెండు అంటే 6, నాలుగు అంటే 12, 13 అట్ల. గని కొన్ని మిషన్లకు నంబర్ల లెక్క వేరే ఉంటది, అందుకే మిల్లీమీటర్లల్ల అడిగితే గొడవ లేదు. ఇగ పైన ఎంత ఉంచాల్నో ఏళ్లతోని పట్టి సూపియ్యుండ్రి, "మీడియం" అనకుండ్రి, ఒక్కొక్కలకు ఒక్కొక్క మీడియం.

టేపర్ అని ఇంకో మాట ఉంటది, చాలమంది రెండు ఒకటే అనుకుంటరు. టేపర్ల ఖలీ చెంపల కాడ, మెడ కాడ సన్నగ చేస్తరు, మిగతా పక్కల జుట్టు ఉంటది. ఆఫీసుకు పోయేటోళ్లకు, పెండ్లి సూపులున్నోళ్లకు గదే మంచిది అని నా అభిప్రాయం.

ఇంగ్లీషుల మాట్లాడేటప్పుడు "ఐ వాంట్ ఎ లో ఫేడ్" అంటే సరిపోతది, "ఐ గాట్ ఎ ఫేడ్" అంటే కొట్టిచ్చుకున్న అని. "మై హెయిర్ ఈజ్ ఫేడెడ్" అన్నరనుకో, ఇన్నోళ్లు ఏసుకున్న కలర్ ఎలిసిపోయింది అనుకుంటరు, కటింగ్ అనుకోరు. ఇంకోటి, ఫ్యాడ్ అని పలకకుండ్రి, అది వేరే మాట, నాలుగు రోజుల మోజు అని అర్థం. అంటే మా అమ్మ లెక్కల రెండు ఒకటే అనుకోండి.

ఎప్పుడు చేయించాల్నంటే, జుట్టు నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటర్ పెరుగుతది, అంటే పది రోజులల్ల తోలు మీద 3 మిల్లీమీటర్లు వచ్చి ఒకటో నంబర్ లెక్క అయితది, స్కిన్ ఫేడ్ అందం గంతే. పెండ్లి ఉంటే రెండు రోజుల ముంగట కాదు, నాలుగైదు రోజుల ముంగట పోవుండ్రి, ఏమన్న ఎక్కువ తక్కువైతే జర సర్దుకుంటది. మంగళారం మాత్రం పోకుండ్రి, షాపు తెరిసున్నా ఇంట్ల ఊకోరు.