స్పానిష్ చదువుతూ విదేశంలో సేవ: వీసాకు ఎలా సిద్ధపడాలి

స్పానిష్ నేర్చుకుంటూ ఏదైనా సేవాసంస్థలో పనిచేయాలనుకునే నెల్లూరు, ప్రకాశం జిల్లాల విద్యార్థులు ముందుగా ఒక విషయం తేల్చుకోవాలి. వీసా దరఖాస్తులో ప్రయాణానికి ప్రధాన కారణంగా చదువును చూపుతారా, సేవను చూపుతారా? స్పెయిన్ చట్టం రెండింటికీ అవకాశం ఇస్తుంది కానీ, సేవ పేరుతో వెళ్లేవారికి సంస్థతో రాతపూర్వక ఒప్పందం, ఆ సంస్థ తీసుకున్న బాధ్యతా బీమా (పనిలో ఇతరులకు జరిగే నష్టానికి పరిహారమిచ్చేది) కూడా ఉండాలి. భాష నేర్చుకోవడమే ముఖ్యమైనవారు చదువునే ఆధారం చేసుకోవడం మేలని నా అభిప్రాయం.

స్పెయిన్‌లో 90 రోజుల లోపు కోర్సుకు షెంగెన్ వీసా (చాలా ఐరోపా దేశాలకు ఉమ్మడిగా చెల్లే స్వల్పకాల వీసా) సరిపోతుంది. అంతకు మించితే విద్యార్థి వీసా తప్పనిసరి. స్పానిష్ భాషా వ్యాప్తికి స్పెయిన్ ప్రభుత్వం నడిపే సెర్వాంతెస్ సంస్థ గుర్తింపు పొందిన పాఠశాలలో వారానికి 20 గంటలకు తగ్గని కోర్సులో ప్రవేశపత్రం, స్పెయిన్‌లో చెల్లే ఆరోగ్య బీమా, ఖర్చులకు 2025 లెక్క ప్రకారం నెలకు 600 యూరోల చొప్పున నిధులు చూపించాలి. 180 రోజులు దాటే బసకు పోలీసు క్లియరెన్సు, వైద్య ధ్రువపత్రం కూడా అడుగుతారు. పోలీసు క్లియరెన్సుకు నెల్లూరు, ఒంగోలు పోస్టాఫీసు పాస్‌పోర్టు సేవా కేంద్రాలలోనే దరఖాస్తు చేసుకోవచ్చు. అది చేతికొచ్చాక విదేశాంగ శాఖ అపోస్టిల్ (పత్రం అసలైనదని విదేశాలకు ధ్రువీకరించే ముద్ర) వేయించి, ఆ తరువాత అధీకృత అనువాదకుడి చేత స్పానిష్‌లోకి మార్పించాలి. ఈ వరుస తప్పితే అనువాదం మళ్లీ చేయించవలసి వస్తుంది.

స్పానిష్ మాట్లాడే లాటిన్ అమెరికా దేశాలలో నిబంధనలు దేశానికో తీరుగా ఉన్నాయి. కనీసం 6 నెలల గడువున్న అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా లేదా షెంగెన్ వీసా ఉన్న భారతీయులను పెరూ పర్యాటకులుగా నేరుగా అనుమతిస్తుంది. ఈక్వడార్ మాత్రం 2019 నుంచి ముందస్తు వీసా అడుగుతోంది. పర్యాటకుడిగా అడుగుపెట్టినంత మాత్రాన జీతం లేని పని చేసుకోవచ్చని అనుకోకూడదు. చేయబోయే పనిని వివరిస్తూ ఆ దేశ కాన్సులేటుకు ఈమెయిలు రాసి, జవాబు వచ్చాకే ఫీజులు కట్టండి. కొత్తగా మొదలుపెట్టేవారికి గ్వాటెమాలాలోని ఆంటిగ్వా అనుకూలం: ఒక్కో విద్యార్థికి ఒక్కో టీచరు, బస స్థానిక కుటుంబంతో.

సేవ ఎంపికలో మన ప్రాంతపు అనుభవం పనికొస్తుంది. ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు వనామీ చెరువుల మధ్య పెరిగినవారికి ఈక్వడార్ తీరం కొత్తగా తోచదు. ఆ రొయ్య పుట్టిల్లే అటువైపు పసిఫిక్ తీరం. అయితే లాభం కోసం నడిచే చెరువులో జీతం లేకుండా చేసేది సేవ కాదు, ఉద్యోగమే. చెరువుల కోసం నరికేసిన మడ అడవులను తిరిగి పెంచే పనిలో చేరండి. అనాథాశ్రమాలలో కొద్ది వారాలు గడిపే కార్యక్రమాలకు దూరంగా ఉండండి. మనుషులు మారుతూ ఉంటే ఆ పిల్లలకే నష్టం. స్పానిష్‌లో ఏ2 స్థాయి (రోజువారీ అవసరాలకు సరిపడే ప్రాథమిక స్థాయి) దాటేదాకా చదువుకే సమయమివ్వండి, ఎందుకంటే చెప్పింది అర్థం కానివారు సంస్థకు సాయం కాకపోగా భారమవుతారు.

పెరూ, ఈక్వడార్ వెళ్లేవారు పచ్చజ్వరం టీకా మరువరాదు. చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు. ధ్రువపత్రం టీకా వేసిన 10 రోజుల తరువాతే చెల్లుతుంది. అది లేకుండా తిరిగి వస్తే మన విమానాశ్రయంలోనే 6 రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు. కాబట్టి దాన్ని లగేజీలో వేయకుండా పాస్‌పోర్టుతో పాటు చేతి సంచిలోనే పెట్టుకోండి.